వాల్వు ఎర్రబడితే తప్పు ఎక్కడ? గిటార్ ఆంప్ బయాస్ వెనకున్న వందేళ్ల కథ

ట్యూబ్ గిటార్ ఆంప్ ఇంట్లో సొంతంగా కట్టుకునేవాళ్లు బాగా భయపడే విషయం ఒకటుంది. స్విచ్ వేసిన కాసేపటికి పవర్ ట్యూబ్ లోపలి ప్లేటు ఎర్రగా కాలడం మొదలవుతుంది. ఫిలమెంట్ వెలుగు వేరు, ఇది వేరు. అలాగే వదిలేస్తే ట్యూబ్ పోతుంది, ఒక్కోసారి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. చాలాసార్లు కారణం బయాస్. అది ఎలా పుట్టిందో తెలిస్తే తప్పు ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

1904లో లండన్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు తయారుచేశాడు. 1906లో అమెరికాలో లీ డీ ఫారెస్ట్ దానికి మూడోది చేర్చాడు. అదే గ్రిడ్. పంట కాలువకు తూము షట్టర్ ఉంటుంది చూడండి, గ్రిడ్ పని కూడా అదే. క్యాథోడ్ నుంచి ప్లేటుకు ఎలక్ట్రాన్లు పారుతుంటాయి. గ్రిడ్ మీద నెగెటివ్ వోల్టేజ్ పెంచితే షట్టర్ దిగుతుంది, తగ్గిస్తే లేస్తుంది. పాట మొదలవకముందే షట్టర్ ఎంత దించి ఉంచాలి అన్నదే బయాస్. పూర్తిగా లేపేస్తే వరదే, ప్లేటు ఎర్రబడుతుంది. మరీ దించేస్తే సౌండ్ పలచబడి గరగరలాడుతుంది.

1920ల రేడియోల్లో ఈ నెగెటివ్ వోల్టేజ్ కోసం విడిగా ఒక బ్యాటరీ పెట్టేవాళ్లు. ఫిలమెంట్‌కి ఏ బ్యాటరీ, ప్లేటుకి బీ బ్యాటరీ, గ్రిడ్‌కి సీ బ్యాటరీ. సీ బ్యాటరీ నుంచి కరెంట్ దాదాపు ఖర్చే కాదు. పైగా ప్లేటు కరెంట్ తగ్గుతుంది కాబట్టి బీ బ్యాటరీ ఎక్కువ రోజులు వచ్చేది.

తర్వాత గోడ ప్లగ్‌తో నడిచే రేడియోలు వచ్చాయి. అప్పుడు ఒక తెలివైన పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. క్యాథోడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఒక రెసిస్టర్ పెడితే, ట్యూబ్ కరెంటే దాని మీద వోల్టేజ్ పుట్టిస్తుంది. కరెంట్ పెరిగితే బయాస్ కూడా పెరిగి దాన్ని అదుపు చేస్తుంది. దీన్నే క్యాథోడ్ బయాస్ అంటారు. 1950ల ఫెండర్ డీలక్స్ 5ఈ3లో ఉన్నది ఇదే, రెసిస్టర్ 250 ఓమ్స్. ఇలాంటి ఆంప్‌లో ట్యూబ్ ఎర్రబడితే ముందు ఆ రెసిస్టర్‌ని, దాని పక్కనున్న కెపాసిటర్‌ని చూడండి. కెపాసిటర్ షార్ట్ అయితే బయాస్ మొత్తం పోయినట్టే.

కానీ ఆ రెసిస్టర్ మీద కొంత వోల్టేజ్ వృథా అవుతుంది. స్టేజ్ మీద ఇంకా గట్టిగా మోగాలి కదా! అందుకే ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏలో నెగెటివ్ వోల్టేజ్ కోసం వేరే సప్లై పెట్టారు. పాత సీ బ్యాటరీ చేసిన పనే, ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. ట్యూబ్ కరెంట్‌తో మారదు కాబట్టి ఫిక్స్‌డ్ బయాస్ అన్నారు. 1962లో లండన్ హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ బృందం ఈ బాస్‌మన్ సర్క్యూట్ ఆధారంగానే తమ మొదటి ఆంప్ జేటీఎం45 తయారుచేసింది. ఈరోజు ఇళ్లల్లో కట్టుకునే ఆంప్‌లలో ఈ కుటుంబానివి కూడా ఉంటాయి.

ఇక్కడ చిక్కేంటంటే, ఆ చిన్న సప్లై ఆగిపోతే ట్యూబ్‌ని కాపాడేవాళ్లు ఉండరు. ఎలా వెతకాలో చూద్దాం.

ముందు ప్రాణం. లోపల 400 వోల్టులకు పైనే ఉండొచ్చు. ప్లగ్ తీసేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉంటుంది. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. ఈ పని కొత్తయితే తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి.

పవర్ ట్యూబ్‌లు తీసేసి ఆన్ చేయండి. సాకెట్ గ్రిడ్ పిన్ దగ్గర కొలవండి. 6ఎల్6 అయితే అది 5వ పిన్. ఆంప్‌ని బట్టి సుమారు మైనస్ 40 నుంచి 50 వోల్టులు రావాలి. రెండు సాకెట్లలోనూ ఏమీ లేకపోతే బయాస్ సప్లైలోనే తప్పు. డయోడ్ తిరగబడిందేమో, కెపాసిటర్ తిరగబడిందేమో చూడండి. ఇది నెగెటివ్ సప్లై, కాబట్టి ఆ కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కి వెళ్లాలి. అలవాటులో చాలామంది మైనస్ కాలుని గ్రౌండ్‌కి పెట్టేస్తారు.

ఒక సాకెట్‌లో మాత్రమే నెగెటివ్ తక్కువగా ఉంటే, ఆ వైపు కప్లింగ్ కెపాసిటర్ లీకై ముందు స్టేజ్ ప్లస్ వోల్టేజ్‌ని గ్రిడ్‌కి వదులుతోందని అనుమానించండి. రెండు వైపులా బాగుండి కూడా ఒకటే ట్యూబ్ ఎర్రబడుతుంటే, ఆఫ్ చేసి, చల్లారాక రెండింటినీ అటూ ఇటూ మార్చండి. ఎరుపు ట్యూబ్‌తో పాటు వెళ్తే ట్యూబ్ తప్పు. అక్కడే ఉండిపోతే సాకెట్, వైరింగ్ తప్పు.

అన్నీ సరిగ్గా ఉంటే చివరగా లెక్క. ప్రతి క్యాథోడ్‌కీ 1 ఓమ్ రెసిస్టర్ పెడితే దాని మీద 1 మిల్లీవోల్ట్ అంటే 1 మిల్లీఆంప్. 6ఎల్6జీసీ ప్లేటు పరిమితి 30 వాట్లు. అందులో 70 శాతం, అంటే 21 వాట్లు దాటకుండా ఉంచడం మామూలు అలవాటు. ప్లేటు దగ్గర 450 వోల్టులుంటే సుమారు 46 మిల్లీఆంప్స్. స్పీకర్ తగిలించకుండా మాత్రం ఆంప్ నడపొద్దు.

చూశారా? సీ బ్యాటరీ కాలంలో బ్యాటరీ అయిపోయిందా అని చూసేవాళ్లు, ఇప్పుడు మనం డయోడ్ చూస్తున్నాం. అడిగే ప్రశ్న ఒక్కటే: గ్రిడ్‌కి నెగెటివ్ అందుతోందా? మీటర్‌ని ముందు అక్కడే పెట్టండి.