అంగళ్ళలోని ఉక్కు అరలు

సరకుల భారమును నేలకు సురక్షితముగ దింపుటకై అంగళ్ళలో నిలుపు ఉక్కు చట్రమునకు వ్యవహారమున ర్యాకు అని పేరు. రంధ్రములుగల యాంగిల్ బద్దలను బోల్టులతో బిగించి, కావలసిన యెత్తున అరలమర్చు పద్ధతి, 1947లో లండనున డెమెట్రియస్ కొమినో ప్రవేశపెట్టిన డెక్సియన్ బద్దలతో లోకమున వ్యాపించెను. పసుపు పంటకు ప్రసిద్ధికెక్కిన ఆర్మూరులో, పొడి పొట్లములకును కొమ్ముల సంచులకును వేర్వేరు ఎత్తులు కావలసిన కిరాణా అంగడికి ఈ సౌలభ్యము మిక్కిలి యుపకరించును.

బలమైన రేకు వాడినను చట్రము ప్రక్కకొరిగి కూలవచ్చును. కావున వెనుకవైపున ఏటవాలు పట్టీలు వేయుటయు, మూలలయందు త్రికోణపు రేకులు బిగించుటయు, పైకొనను గోడకు బంధించుటయు ఎన్నడును విడువరాని పనులు. ఈ స్వల్పవ్యయమునకు వెనుదీయుట ప్రాణములతో చెలగాటమే. 18వ శతాబ్దమున గణితవేత్త ఆయిలర్ గణించినట్లు, సన్నని కంబమున ఆధారములేని పొడవు సగమైనచో, అది వంగక మోయగల భారము నాలుగింతలగును. అదే బరువునకు అర నిడివి రెట్టింపైనచో క్రుంగుట ఎనిమిది రెట్లగును. అంచును క్రిందికి మడిచిన పలుచని రేకు సైతము బిరుసెక్కును. బరువైన సంచులు అడుగు అరలోనే యుండవలెను. వానకాలపు తేమకు నేలనంటిన కాళ్ళు త్రుప్పుపట్టును గనుక, వాని క్రింద పలకలు వేసి, రంగు చెదరినచోట మరల పూయవలెను.