బందరు రేవులో వెళ్ళొస్తానన్నవాళ్ళు

బందరు చరిత్ర అనగానే ఎవరైనా ముందుగా చెప్పేది ఎవరెవరు వచ్చారో. 1606లో డచ్చివారు గోల్కొండ సుల్తాను దగ్గర ఫర్మానా తెచ్చుకుని పాతుకున్నారు, 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ అనే ఓడ వచ్చింది, 1669లో ఫ్రెంచివారు వచ్చారు. పోటీ పరీక్షల్లో అడిగేదీ ఇదే. నాకు మాత్రం చాలాకాలంగా ఒక సందేహం ఉండిపోయింది. వచ్చినవాళ్ళ సంగతి సరే, వెళ్ళిపోయినవాళ్ళ సంగతేమిటి? ఎప్పుడు వెళ్ళారు? ఎవరితో చెప్పి వెళ్ళారు?

ఈ సందేహం ఇప్పుడు మళ్ళీ తలెత్తడానికి ఒక సొంత కారణం ఉంది. పద్దెనిమిదేళ్ళుగా మేం కొంతమందిమి నెలకో ఆదివారం ఊళ్ళు తిరుగుతున్నాం. బందరు వాళ్ళం, గుడివాడ వాళ్ళు, దివిసీమ నుంచి వచ్చేవాళ్ళు. సంఘం కాదు, రిజిస్ట్రేషన్ లేదు, పేరు కూడా లేదు. ఇంట్లోవాళ్ళు మాత్రం "ఆదివారం బ్యాచి" అనేవారు. మొదటి ప్రయాణం ఏటిమొగ రేవులో పంటు ఎక్కి ఎదురుమొండి వెళ్ళడం. ఒకప్పుడు వ్యాను నిండిపోయి ఇద్దరు ముగ్గురు వెనకాల బండి మీద వచ్చేవారు. పోయినేడాదికి ఐదుగురం మిగిలాం. పిల్లల దగ్గరికి వెళ్ళిపోయినవాళ్ళు కొందరు, మోకాళ్ళు సహకరించనివాళ్ళు కొందరు, అసలే లేకుండా పోయినవాళ్ళు కొందరు. ఇక చాలిద్దాం అని పైకి అన్నది నేనే. అందరి మనసులోనూ ఉన్న మాటే, కానీ అన్నవాడికే కదా అంటుకునేది!

ఆఖరిసారి మళ్ళీ ఎదురుమొండికే వెళదామనుకున్నాం. కానీ మా అందరికంటే పెద్దాయన, అవనిగడ్డ దగ్గర బడిపంతులుగా చేసి రిటైరైన మాస్టారు, పంటు మీదకు ఎక్కలేని స్థితిలో ఉన్నారు. అందుకని కారులో తిరగగలిగేలా గుడివాడ, ఘంటసాల, బందరు అని దారి వేసుకున్నాం. ఇవాళ్టి కథ ఆ దారిలోదే.

గుడివాడలో ఉన్నది ఒక దిబ్బ. బౌద్ధ స్తూపం తాలూకు దిబ్బ. అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల మూడింటినీ కలిపి రాసిన పుస్తకం 1894లో అచ్చయింది. అక్కడ ఇప్పుడు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. కానీ ఆ కాలపు శాతవాహనుల నాణాలు కొన్నింటి మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. రాజుగారు నాణెం మీద ఓడ వేయించాడంటే ఈ తీరంలో ఓడ ఎంత ముఖ్యమో ఊహించుకోండి.

ఘంటసాల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పూర్వం ఇది దివి తాలూకాలో ఊరు. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ శాస్త్రవేత్త, అలెగ్జాండ్రియాలో కూర్చుని, మన తూర్పు తీరంలో రేవుల పేర్లు వరుసగా రాశాడు. అందులో మైసోలస్ అనే నది ఉంది. కృష్ణానదే అని ఎక్కువమంది అంటారు. దాని పక్కనే కొంటకొస్సిల అనే వర్తక కేంద్రం. మన శాసనాల్లో కనిపించే కంటకసోల అదే, ఇప్పటి ఘంటసాల అదే. ఇక్కడ దొరికిన శాసనాల్లో శివకుడనే ఒక మహానావికుడి పేరుంది. మహానావికుడు అంటే పెద్ద ఓడ నడిపించేవాడు. ఈ రోజు ఘంటసాల మ్యూజియం ముందు నిలబడితే చుట్టూ వరి చేలు, మినుము చేలు. ఇక్కడ ఓడలవాళ్ళు తిరిగేవారని చెబితే చిన్నపిల్లలు నవ్వుతారు. నదులు మెరక వేసుకుంటూ సముద్రాన్ని అంతంత దూరం నెట్టేశాయి.

టాలెమీ ఆ వరుసలోనే ఇంకో మాట రాశాడు. అల్లొసిగ్నె అనే రేవు దాటాక ఒక చోటు ఉంది, దానికి ఆయన ఊరి పేరు చెప్పలేదు. ఆ చోట ఏం జరుగుతుందో అది మాత్రమే చెప్పాడు. సువర్ణభూమికి, అంటే బర్మా, మలయా వైపుకి వెళ్ళే ఓడలు తీరాన్ని వదిలిపెట్టే చోటు అది. అంతదాకా ఒడ్డు కనిపిస్తూ ఉంటుంది, తాటిచెట్లు గుర్తు పెట్టుకుంటూ పోవచ్చు. అక్కడి నుంచి ముక్కు తూర్పుకి తిప్పాలి, ఇక నీళ్ళే. ఆ చోటు సరిగ్గా ఎక్కడో పండితులకు ఏకాభిప్రాయం లేదు. కానీ ఆయన వరుసలో అది కృష్ణ ముఖద్వారం దాటాక, గోదావరి పక్క తీరం మీద వస్తుంది. అంటే, ప్రపంచ పటంలో మన పక్కకు మొదట దక్కిన గుర్తింపుల్లో ఒకటి సెలవు తీసుకునే చోటుగా! ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఘంటసాల నుంచి బందరుకి కారులో గంట పట్టలేదు. చరిత్రలో మాత్రం పధ్నాలుగు వందల ఏళ్ళు దాటాం.

1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న విలియం మెత్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు గోల్కొండ రాజ్యం గురించి రాసిన వర్ణన 1626లో లండన్లో అచ్చయింది. బందరు చిన్న ఊరు, జనం ఎక్కువ, గోడ లేదు, కట్టడాలు బాగోవు, ఊరు ఉన్న చోటు ఇంకా బాగోదు, నీళ్ళు ఉప్పన అని రాశాడు. మనకు కోపం వచ్చినా, ఉప్పునీళ్ళ మాట బందరు వాళ్ళెవరూ కాదనలేరు. కానీ ఆ వెంటనే ఓడల కాలపట్టిక చెబుతాడు. ఆరు నెలలు గాలి ఒకవైపు, ఆరు నెలలు ఇంకోవైపు. సెప్టెంబరులో అచే, అరకాన్, పెగూ, తెనాసెరిం వైపు ఓడలు బయలుదేరతాయి, ఏప్రిల్లో తిరిగొస్తాయి. జనవరిలో ఎర్ర సముద్రంలోని మోఖాకి వెళ్ళినవి సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. గాలి మారేదాకా కదలడానికి లేదు. అంటే ఏటా అదే మనుషులు, అదే నెలల్లో, అదే ఊళ్ళో చేరి ఎదురుచూస్తారు. ఇరానీయులు, ఆర్మేనియన్లు, డచ్చివారు, మన కోమట్లు, ఓడలు నడిపే సరంగులు. నెలల తరబడి పని లేకుండా కూర్చున్న ప్రయాణికులు ఏం చేస్తారండీ? కబుర్లు చెప్పుకుంటారు. ఏ రేవులో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ సుంకం ఎక్కువ, ఏ రాజు మాట మీద నిలబడడు. బందరు అనే మాటే పారశీకంలో రేవు అని అర్థం. మచిలీపట్నం అని రాసుకుంటాం గానీ నోటికి వచ్చేది వాళ్ళిచ్చిన పేరే.

ఈ కూటమి ఎలాంటిదో తెలియాలంటే టావెర్నియే చెప్పిన సంగతి వినాలి. వజ్రాల వ్యాపారి, ఫ్రెంచివాడు. 1652 మే 11న పారశీక దేశంలో బందర్ అబ్బాసులో ఓడ ఎక్కాడు. గోల్కొండ సుల్తానుగారి ఓడ, ఏటా ఆ బందరుకీ ఈ బందరుకీ తిరిగేది. అందులో పారశీక చక్రవర్తి మన సుల్తానుకి పంపుతున్న 55 గుర్రాలు, సుమారు వందమంది ఇరానీ, ఆర్మేనియన్ వర్తకులు. దారిలో పెద్ద గాలివాన పట్టుకుంది. ఓడలోకి నీళ్ళు చేరిపోతున్నాయి, తోడడానికి ఉన్నవి చాలడం లేదు. అప్పుడు ఒక వర్తకుడి దగ్గర అమ్మకానికి తెచ్చుకున్న రష్యా తోలు మూటలు ఉన్నాయని తేలింది. ప్రయాణికుల్లోనే తోలు కుట్టే పనివాళ్ళు నలుగురైదుగురు కూడా దొరికారు. వాళ్ళు కూర్చుని ఆ తోళ్ళని పెద్ద పెద్ద తిత్తులుగా కుట్టేశారు, వాటితో నీళ్ళు తోడి బయట పోశారు. జులై 2న బందరు చేరారు. సరుకు ఒకడిది, చేతిపని ఇంకొకడిది, ప్రాణాలు అందరివీ.

ఆ టావెర్నియేనే బందరు గురించి ఇళ్ళన్నీ కొయ్యవి అని పెదవి విరిచి, రేవు మాత్రం బంగాళాఖాతం మొత్తంలో మేలైనదని రాశాడు. పెగూ, సయాం, అరకాన్, మక్కా, సుమత్రా, మనీలా, ఇన్నిటికీ ఇక్కడి నుంచే ఓడలు. వచ్చి ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. గుర్రాల బేరంతో ఇరాను నుంచి వచ్చిన మీర్ మహమ్మద్ సయ్యద్ 1630లలో బందరు హవల్దారు అయ్యాడు, తరవాత గోల్కొండ వజీరు అయ్యాడు. చరిత్ర పుస్తకాల్లో మీర్ జుమ్లా అంటే ఆయనే.

మరి ఈ కూటమి ఎప్పుడు చెదిరింది? కొట్టొచ్చినట్టు ఒక తారీకు చెప్పలేం గానీ, 1680లు దాటేసరికి పని అయిపోయింది. సయాం రాజు కొలువులో చేరి మెర్గుయి రేవుకి షాబందరుగా కూర్చున్న శామ్యూల్ వైట్ అనే ఇంగ్లీషువాడు గోల్కొండ ఓడల మీద పడ్డాడు. 1686లో డచ్చివారు బాకీల పేరుతో బందరునే పట్టుకున్నారు. కరువు, రోగాలు వచ్చాయి. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. ఇరానీ వర్తకుల అండ గోల్కొండ దర్బారే, అదే పోయింది. మరుసటి ఏడు, 1688లో, విదేశీయులను ఆదరించిన సయాం రాజు నరై చనిపోయి అక్కడా ప్రభుత్వం మారిపోయింది. దారికి ఈ కొసా ఆ కొసా ఏడాది తేడాలో మూసుకుపోయాయి. అప్పటికి మద్రాసు పెరుగుతోంది, కొందరు అటు మళ్ళారు. బందరు అద్దకం బట్ట ఇరానుకి తరవాత కూడా చాలా కాలం వెళ్ళింది, పెడనలో ఆ పని ఇప్పటికీ ఉంది. కానీ సెప్టెంబరులో వెళ్ళి ఏప్రిల్లో వచ్చే ఆ మనుషుల గుంపు మళ్ళీ కట్టలేదు.

మనవాళ్ళు గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అనరు. "వెళ్ళొస్తా" అంటారు. ఆ ఆఖరి ఓడ ఎక్కిన తెలుగు సరంగు కూడా ఏప్రిల్ లెక్క వేసుకుని "వెళ్ళొస్తా" అనే ఉంటాడని నా ఊహ. అది ఆఖరిదని అతనికెలా తెలుస్తుంది?

అయితే ఒక్కడు రాసి పెట్టాడు. దానియేల్ హవార్ట్ అని డచ్చి కంపెనీలో పనిచేసినవాడు. తిరిగి వెళ్ళాక 1693లో కోరమాండల్ తీరపు ఎదుగుదల, పతనం అనే పేరుతోనే పుస్తకం అచ్చువేశాడు. ఏ రేవులో ఎవరున్నారు, ఏం చేశారు, ఎక్కడ సమాధి అయ్యారు అన్నీ ఓపిగ్గా రాశాడు. బందరులో డచ్చి సమాధుల తోటకు వెళితే నల్లరాతి పలకల మీద వంశ చిహ్నాలు, అక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు. వాళ్ళు గాలి కోసం ఎదురుచూస్తూ ఉండిపోయినవాళ్ళే.

మా మాస్టారు ఒక పలక పక్కన అరుగు మీద కూర్చున్నారు. ఆయన గురించి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళలో నవంబరు నెలలో మేం సముద్రం వైపు ఎప్పుడూ పెట్టుకోలేదు. ఎవరూ అనుకుని చేసింది కాదు, ఆయన రారని తెలుసు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. ఆయన చుట్టాలు అందులో ఉన్నారు. బందరుకీ అలాంటి రాత్రి ఉంది. 1864 నవంబరు 1న, సముద్రం ఊరి మీదకు వచ్చి దాదాపు 30,000 మందిని తీసుకుపోయింది. ఆ దెబ్బ తరవాత ఇంగ్లీషు దండు కూడా ఇక్కడి నుంచి లేచిపోయింది. ఈ సంగతి చెబుతూ ఉంటే ఆయన మధ్యలో ఆపి అన్నారు:

"అబ్బాయ్, వాళ్ళెవరూ చెప్పి వెళ్ళలేదు. నువ్వు నలుగురినీ పిలిచి, అన్నం పెట్టించి, చెప్పి ఆపుతున్నావు. దానికి తప్పు చేసినవాడిలా మొహం పెడతావేం?"

నేనేమీ అనలేదు. అనడానికి లేదు కూడా.

మంగినపూడి వైపు 2023 మేలో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. చీకటి పడేలోగా అటు కూడా ఒకసారి వెళ్ళి చూసి వద్దామన్నారు గుడివాడ అక్కయ్య. మాస్టారు అలసిపోయారు, వద్దనుకున్నాం. బస్టాండు దగ్గర ఎప్పటిలాగే తలా అరకిలో తొక్కుడు లడ్డూ కట్టించుకున్నాం. మా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది, ఏ ఆదివారం ఎక్కడికి వెళ్ళామో, ఎవరెవరు వచ్చారో రాసుకునేది. అందులో ఆ రోజు తారీకు వేసి ఐదు పేర్లూ రాశాను. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, తన పేరు తనే రాస్తానని పెన్ను తీసుకున్నారు. పుస్తకం ఇప్పుడు అక్కయ్య దగ్గర ఉంది.

కారు ఎక్కుతూ అందరూ వెళ్ళొస్తామనే అన్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో పెడన అద్దకం అచ్చులు చెక్కేవారి దగ్గరికి వెళదాం. అంతవరకు సెలవు. నమస్కారం.