రొబీడా 'ఇరువదవ శతాబ్ది': పాఠకుల తీర్పులు

1952 అనగానే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములవారికి మొదట స్ఫురించునది వయోజనులందఱును ఓటుహక్కు పొందిన తొలి సార్వత్రిక ఎన్నిక. ఆ యేట వనపర్తినుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. అదే సంవత్సరమును కథాకాలముగా గైకొని, అంతకు అరువదితొమ్మిదేండ్లకు ముందు, అనగా 1883లో, ఆల్బేర్ రొబీడా యను ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుడు 'ఇరువదవ శతాబ్ది' యను హాస్యగ్రంథమును వెలువరించెను. వ్రాతయు బొమ్మలును రెండును ఆయనవే. ఈ గ్రంథమును గూర్చిన అభిప్రాయములు కాలక్రమమున ఎట్లు మాఱినవి, అవి గ్రంథము గుణమును చెప్పుచున్నవా, లేక పాఠకుల కాలమును చెప్పుచున్నవా యనునది ఇచట మాకు విచార్యము. పారిసు గ్రంథమునకు పాలమూరుతో పనియేమని అడుగువారుందురు. ఊహించిన 1952ను నిజమైన 1952తో సరిచూడవలెనన్నచో, రాచఱికమునుండి ప్రజాపాలనలోనికి అప్పుడప్పుడే అడుగిడిన మన సంస్థాన భూములకన్న మంచి గీటురాయి మాకు కానరాలేదు.

రొబీడా 1848లో జన్మించి 1926లో గతించెను. 1880లో ప్రారంభమైన 'లా కారికాత్యూర్' అను హాస్యపత్రికకు సంపాదకుడు. ఆయన యంత్రశాస్త్రజ్ఞుడు కాడు. పాత నగరములు, శిథిల దుర్గములు, ఇరుకు వీథులు ఆయన కెక్కువ ప్రీతి. 1900 నాటి పారిసు అంతర్జాతీయ ప్రదర్శనమున 'పాత పారిసు' పేర మధ్యయుగపు వీథులను తిరిగి కట్టించి చూపినవాడాయనయే. భవిష్యత్తును చిత్రించినవాని మనస్సు గతముమీద నుండెనను ఈ సంగతిని ఆయన విమర్శకులు తఱచుగా మఱచుచుందురు.

గ్రంథకథ స్వల్పమైనది. హెలెన్ కొలోబ్రీ యను అనాథకన్య చదువు ముగించి, ధనికుడైన సంరక్షకుడు పోంతో ఇంటికి విమానయానమున వచ్చును. ఆమెకొక వృత్తి కావలెను. న్యాయవాదిత్వము, రాజకీయము, పత్రికారచన, ఇట్లు ఒకదానినుండి మఱొకదానికి పోవుచుండగా నగరమంతయు మనకు కనబడును. ఆకాశమున బండ్లు తిరుగుచుండును. ఇంట కూర్చుండి నాటకమును చూచుటకును వినుటకును 'తెలెఫొనొస్కోపు' అను పలక యుండును. వంట ఇంటింట లేదు; ఒక పెద్ద సంస్థ గొట్టములద్వారా భోజనమును సరఫరా చేయును. గొట్టము పగిలి పోంతోగారి మేడ సూపులో మునుగు ఘట్టము మాకు గ్రంథమున కెల్ల మిన్నగా తోచినది. నూతన సౌకర్యమును పొగడక, అది చెడిన దినమున గృహస్థుని గతి యేమగునో చూచుట హాస్యకారుని దృష్టి. జూల్ వెర్న్ యంత్రమెట్లు పనిచేయునో వివరించును. రొబీడా దానితో కాపురము చేయు వారిని చూపును.

తొలి పాఠకులకు ఇది నవ్వు పుస్తకము. టెలిఫోను 1876లో పుట్టినది. 1881లో పారిసున జరిగిన విద్యుత్ప్రదర్శనమున జనులు వరుసలో నిలిచి, చెవికొక గొట్టము నానించుకొని, దూరముననున్న సంగీతనాటకమును వినిరి. రెండేండ్ల తరువాత చెవికి కన్నును జోడించి రొబీడా గీచిన బొమ్మను చూచినవారికి అది భవిష్యత్తుకన్న తమ నిన్నటి వింతగానే తోచియుండును. స్త్రీలు న్యాయవాదులై, ధనవ్యవహర్తలై తిరుగు బొమ్మలును అట్టివే. నాటి ఫ్రాన్సులో స్త్రీలు న్యాయస్థానమున వాదించుటకు 1900 వఱకును వీలులేదు. ఓటుహక్కు వారికి 1944లో గాని రాలేదు. కావున ఆ బొమ్మలలోని నవ్వు రాబోవు కాలమునుండి పుట్టినది కాదు, నాటి నిషేధమునుండి పుట్టినది.

తరువాతి తరము తీర్పు వేఱు. 1887లో రొబీడా ఇరువదవ శతాబ్దపు యుద్ధమును గూర్చి ఒక చిత్రసంపుటమును ప్రచురించి అందు విషవాయువులను చూపెను. 1915లో ఈప్రె యుద్ధరంగమున అవి నిజమైనవి. ఆపై టెలివిజను వచ్చెను. నవ్వించినవాడు క్రమముగా ద్రష్ట యయ్యెను. నేటికిని ఆయనను గూర్చి వ్రాయువారిలో పెక్కురు చేయుపని, ఫలించినవానిని ఒక పట్టికగా, ఫలింపనివానిని వేఱొక పట్టికగా వ్రాయుట. ఈ పఠనపద్ధతి మనకు క్రొత్త కాదు. తుంగభద్రకు దక్షిణమునను ఉత్తరమునను పల్లెలలో ఏ వింత జరిగినను "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడు" అనుట పరిపాటి. కాలజ్ఞానమున కది తగును. అది ఫలించుటకొఱకే చెప్పబడినది. హాస్యగ్రంథమున కా కొలత తగదని మా యభిప్రాయము. రొబీడా 1952లో ఫ్రాన్సు పదేండ్ల కొకసారి ముందుగా తేదీ నిర్ణయించుకొని విప్లవము జరుపుకొనును. ఇది ఫలింపని జోస్యమా? 1830, 1848, 1870 సంవత్సరములలో ప్రభుత్వములు తలక్రిందులగుట నెఱిగిన జాతిపై విసరిన చెణుకు. పట్టిక వ్రాయువాడు దీనిని తప్పుల క్రింద చేర్చి, గ్రంథములోని ఒక గొప్ప హాస్యమును చేజేతుల పోగొట్టుకొనుచున్నాడు.

ఇట్టి గ్రంథమును చదువుటకు తగిన మార్గమును వనపర్తి శాసనసభ్యులే చూపియుండిరనుట విశేషము. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ప్రతాపరెడ్డిగారు కావ్యములలోని అలంకారములను విడిచి, అందు ప్రసంగవశమున వచ్చిన తిండి, బట్ట, ఆట, జూదము, సంత మున్నగువానిని ఏఱి చరిత్రకు సాక్ష్యములుగా నిలిపిరి. 'హంసవింశతి' వంటి శృంగారకథలనుండియు సమాజచరిత్ర లభించునని చూపిరి. ఆ కన్నుతో చూచినచో రొబీడా గ్రంథము 1952ను గూర్చిన జోస్యము గాక, 1883 నాటి భయములకును కోరికలకును పట్టికయగును.

ఇక గద్వాలనుండి చూతము. పారిసు పాఠకుడు స్త్రీ యధికారమును చూచి నవ్విన శతాబ్దికి తరువాతిదానిలో, గద్వాల సంస్థానమును మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారు భర్త యనంతరమున పాలించిరి. విద్వద్గద్వాల యను పేరు నిలుపుచు పండితులను పోషించిరి. ఆమె యెదుట గ్రంథము వినిపించిన కవికి స్త్రీ యేలుబడి పరిహాసవస్తువు కాదు, జీవనాధారము. అట్లని గద్వాల పారిసుకన్న ముందున్నదని మేము చాటబోము. దేవమ్మగారి యధికారము వంశముద్వారా వచ్చినది; హెలెన్ వెదకినది పరీక్షచే, జీతముచే వచ్చునది. సామాన్యస్త్రీకి సంస్థానమున అట్టి ద్వారము తెఱువబడలేదు. 1952 ఓటు మాత్రము రాణికిని కూలికిని సమానముగా వచ్చినది. స్త్రీలకు వృత్తులను, పదవులను ఊహించిన రొబీడాకు ఈ కృష్ణాతీరపు కూలిస్త్రీ చేతి ఓటు తోచలేదు. ఆయన గ్రంథమున ఐరోపాయేతర దేశములు కొన్ని పోంతో కుటుంబము పలకపై చూచు దృశ్యములుగా వచ్చును.

మఱియొక ముచ్చట. 1895లో ఒక్తావ్ యుజాన్ వ్రాయగా రొబీడా బొమ్మలు వేసిన కథాసంపుటమున 'పుస్తకముల అంతము' అను రచన కలదు. ఫోనోగ్రాఫు వచ్చి జనులు చదువుట మాని వినుట కలవాటుపడుదురని దాని సారము. అచ్చుకు అలవడిన పాఠకునకు అది అంత్యకాలము. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు ఆస్థానములకు వచ్చి అవధానములు చేసిన కాలమున, మన సాహిత్యాస్వాదనము చాలవఱకు చెవితోడిదే. అట్టి సభ్యునకు యుజాన్ కథలో బెదరుట కేమియు లేదు; యంత్రమునకు సమస్య నిచ్చి పూరింపుమని యుండును.

రొబీడా గ్రంథమునకు 2004లో ఫిలిప్ విలెమ్స్ చేసిన ఆంగ్లానువాదము వెలువడినది. దానివలన ఐరోపాకు వెలుపలి పాఠకులకును ఇది అందినది. వారి యభిప్రాయము పూర్వులదానితో ఏకీభవింపనక్కఱలేదు. కథలో ధనికుల పథకమొకటి ఇటలీ దేశమునంతటిని విహారోద్యానముగా మార్చును. పాత కట్టడములు నిలుచును, దేశము మాత్రము దేశముగా నుండదు. తొలి పాఠకులు దీనిని అతిశయోక్తిగా చదివిరి. శ్రీశైలము జలాశయమువలన అలంపురము, కొల్లాపురము ప్రాంతములలో పెక్కు గ్రామములు మునిగినవి. జటప్రోలు ఆలయములను వేఱొకచోటికి మార్చవలసివచ్చినది. కృష్ణా తుంగభద్రల కూడలియందలి కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు చేర్చి మరల నిలిపిరి. యాత్రికులు నేడు దానిని అచట దర్శించుచున్నారు. ఆలయమునకు పేరిచ్చిన సంగమము అచట లేదు.