జోగిపేట నుంచి అమీన్‌పూర్ వరకు: స్త్రీల సమాజాలలో పఠనం, చర్చ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నేటి సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు పారిశ్రామిక వాడను ఆనుకొని అమీన్‌పూర్ ఉంది. అదే జిల్లాలో ఉత్తరాన జోగిపేట ఉంది. 1930 మార్చిలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది జోగిపేటలోనే. దానితో పాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. మహాసభ చరిత్రను వివరించేటప్పుడు మహిళా సభను ఒకటి రెండు వాక్యాలలో ముగించడం పరిపాటి. ఆ సభను అనుబంధ కార్యక్రమంగా గాక, స్త్రీలు కూడి చదువుకొని లోకవ్యవహారాలను చర్చించుకొనే సంప్రదాయంలో భాగంగా చూడాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

పఠనం – సమాజం

ఈ సంప్రదాయానికి పూర్వరంగం కోస్తాంధ్రలో ఉంది. 1902లో భండారు అచ్చమాంబ మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని నెలకొల్పారు. ఆ ఏడాదే 'హిందూసుందరి' పత్రిక వెలువడింది. అక్షరాస్యులైన స్త్రీలు అతి తక్కువగా ఉన్న కాలంలో పత్రిక ఒక్కటే చాలదు. చదివి వినిపించే గొంతు, వినే కూటమి కావాలి. ఆ అవసరాన్ని తీర్చగల వేదిక సమాజం. హైదరాబాదు సంస్థానంలో 1928లో మాడపాటి హనుమంతరావు కృషితో ఏర్పడిన తెలుగు బాలికల పాఠశాల, 1935లో ఏర్పడిన ఆంధ్ర యువతీ మండలి ఈ దారిని విస్తరింపజేశాయి.

వర్తమాన చర్చ

జోగిపేట సభ జరిగిన కాలం గమనార్హం. 1929లో ఆమోదం పొందిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో అమలులోకి వచ్చింది. సంస్థాన ప్రజలకు అది వర్తించదు. కనుక ఈ మహిళా సభలలో బాల్యవివాహాల నిరోధాన్ని చర్చించడం సంస్కారవాదం మాత్రమే కాదు. పొరుగున వచ్చిన చట్టం తమ ఇంటి ఆడపిల్లకు ఎందుకు వర్తించదన్న రాజకీయ ప్రశ్న అందులో ఇమిడి ఉంది. బహిరంగ సభలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న కాలమది.

ఖమ్మం (1934) మహిళా సభకు ఎల్లాప్రగడ సీతాకుమారి, నిజామాబాదు (1937) సభకు నందగిరి ఇందిరాదేవి అధ్యక్షత వహించారు. ఇద్దరూ రచయిత్రులే. చదివే స్త్రీ రాసే స్త్రీగా, రాసే స్త్రీ సభను నడిపే స్త్రీగా ఎదిగిన క్రమం ఇక్కడ స్పష్టం.

పరిమితి

అయితే ఈ వేదికలలో మధ్యతరగతి విద్యావంతుల కుటుంబాలదే ప్రాబల్యం. సిరిసిల్ల (1935) మహిళా సభాధ్యక్షురాలు మాడపాటి మాణిక్యమ్మ, అక్కడి మహాసభాధ్యక్షుడు హనుమంతరావుకు భార్య. వేరుగా సభ జరపడం ఘోషా పాటించే స్త్రీలకు రక్షణనిచ్చింది. అదే సమయంలో వారి మాట ప్రధాన వేదికను చేరడాన్ని ఆలస్యం చేసింది. పొలంలో పనిచేసే స్త్రీ అక్కడ చర్చనీయాంశమే తప్ప వక్త కాలేకపోయింది.

ముగింపు

నేడు శ్రామిక స్త్రీలు పెద్ద సంఖ్యలో కూడుతున్న వేదిక స్వయం సహాయక సంఘం. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలు దానికి ఆధారం. ఆ ఐదింటిలో పఠనం లేదు. నాటి సమాజంలో చదువు ఉంది, శ్రామిక స్త్రీ లేదు. నేటి సంఘంలో శ్రామిక స్త్రీ ఉంది, చదివి వినిపించే ఆనవాయితీకి చోటు లేదు. ఈ వైరుధ్యాన్ని పూరించడానికి అమీన్‌పూర్ వంటి వలస కూడళ్ళు అనువైన స్థలాలు. పరిశోధకులు చేయవలసిన పని కూడా ఒకటుంది: సంఘాల తీర్మానాల పుస్తకాలను ప్రాథమిక ఆకరాలుగా గుర్తించి భద్రపరచడం. లేనిచో రేపటి చరిత్రలో వీరికి దక్కేది కూడా ఒకటి రెండు వాక్యాలే.