ఆరు లక్షల జతలు, ఆరు వేల పెట్టెలు

2021 డిసెంబరు 11, శనివారం. అమెరికాలో బూట్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లకు ఆ ఉదయం కాలు నిలవలేదు. నైకీ ఎయిర్ జోర్డాన్ 11 ‘కూల్ గ్రే’ మళ్లీ వస్తోంది. ధర 225 డాలర్లు. మన లెక్కలో అప్పటికి దాదాపు 17 వేల రూపాయలు. ఫోన్‌లో నైకీ యాప్ తెరవాలి, సైజు నొక్కాలి, కార్డు వివరాలివ్వాలి, లాటరీలో పేరొస్తుందో లేదో అని తెర వంక చూస్తూ కూర్చోవాలి. పేరు రాకపోతే అంతే సంగతులు. ఇక కొని లాభానికి అమ్ముకునే రీసెల్లర్ అడిగినంతా ఇచ్చి కొనుక్కోవాల్సిందే.

ఈ హడావుడి ఏమాత్రం పట్టనివాళ్లు కొందరున్నారు. వాళ్లు నెలల ముందే డబ్బు కట్టేశారు, అదీ షాపు ధరకన్నా తక్కువకి. ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ అనే ఊళ్లో ‘జాదే కిక్స్’ అనే దుకాణం ఉండేది. దాని యజమాని మైకేల్ మలేక్‌జాదే. ‘బూట్లు మార్కెట్లోకి రాగానే మీ ఇంటికి పంపిస్తాను’ అన్నది అతని హామీ. ఆ ఉదయం అతని పుస్తకంలో కూల్ గ్రే కోసం ఉన్న ఆర్డర్లు 6 లక్షల జతలకు పైనే. వాటికి వసూలైన సొమ్ము 7 కోట్ల డాలర్లు దాటింది, అంటే మన డబ్బుల్లో 500 కోట్లకు పై మాట. ఇక అతను సంపాదించగలిగిన జతలు ఆరు వేల పైచిలుకు.

ఇవి ఎవరో ఊహించి చెప్పిన అంకెలు కావు. అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకు సమర్పించిన అభియోగాల్లో ఉన్నవి.

ఇంతమందిని ఊరించిన ఆ బూటు ఎలాంటిదో ముందు చూద్దాం. పైభాగం బూడిద రంగు నూబక్, అంటే వేలితో రాస్తే చార పడే మెత్తని తోలు. దాని అంచు చుట్టూ అదే రంగులో, మొహం చూసుకోగలిగేంత నిగనిగలాడే పేటెంట్ లెదర్ పట్టీ. కింద తెల్లటి మెత్త, దాని అడుగున మంచుగడ్డలా నీలిఛాయ ఉన్న పారదర్శకమైన అట్ట. ఆ అట్టలోంచి కార్బన్ ఫైబర్ పలక కనిపిస్తుంది. టింకర్ హాట్‌ఫీల్డ్ గీసిన ఈ నమూనా 1995లో పుట్టింది. బేస్‌బాల్ వదిలి బాస్కెట్‌బాల్‌కి తిరిగొచ్చిన మైకేల్ జోర్డాన్ ఇవే తొడుక్కుని, 1995-96 సీజన్లో షికాగో బుల్స్‌ను 72 గెలుపులు, 10 ఓటముల రికార్డుకు చేర్చాడు.

కానీ కూల్ గ్రే రంగు అప్పటిది కాదు. అది మొదటిసారి వచ్చింది 2001లో. అప్పటికి జోర్డాన్ రిటైరయ్యి, వాషింగ్టన్ విజార్డ్స్ జట్టు వ్యవహారాలు చూస్తూ ఆఫీసులో కూర్చున్నాడు. ఏ ఫైనల్‌తోనూ సంబంధం లేని ఆ రంగు, రంగు బాగుందన్న ఒక్క కారణంగా జనానికి నచ్చింది. కొన్నవాళ్లు కొన్నారు, దొరకనివాళ్లు తొమ్మిదేళ్లు ఎదురుచూశారు. ఆ తొమ్మిదేళ్లూ పెట్టె విప్పని జతలు చేతులు మారుతూనే ఉన్నాయి. అలా వేసుకోకుండా దాచినదాన్ని ఈ వ్యాపారంలో ‘డెడ్‌స్టాక్’ అంటారు. 2010 డిసెంబరులో నైకీ దాన్ని మళ్లీ తీసింది. మరో పదకొండేళ్లకు, 2021లో, ఇంకోసారి.

కంపెనీ పాత నమూనాను మళ్లీ అచ్చు వేసిందంటే దాచుకున్నవాడి గుండె గుభేలుమంటుంది. 2010 జతను ‘ఎప్పటికైనా పెరుగుతుంది’ అని బీరువాలో పెట్టినవాడికి 2021 ప్రకటన పిడుగులాంటిదే. చూడ్డానికి అచ్చం అలాంటిదే, పైగా కొత్తది, షాపు ధరకే దొరికేటప్పుడు, పదకొండేళ్ల పాత జతకు ఎక్కువ ఎవరిస్తారు? పాతది మరింత పాతబడుతుంది కూడా. మంచుగడ్డలాంటి అట్ట పసుపుపచ్చగా మారుతుంది. జిగురు వదులుతుంది. జోర్డాన్ 3, 4 లాంటి నమూనాల్లో లోపలి పాలియూరిథేన్ గాలిలోని తేమకే విరిగి పొడిపొడి అయిపోతుంది. ఇరవై ఏళ్లు కొత్తగా దాచిన జతను పెళ్లికి వేసుకెళితే మెట్లెక్కేలోపు అడుగు ఊడిపోవచ్చు. 2001 నాటి మొదటి అచ్చు విలువ మాత్రం అంత తేలిగ్గా పడదు. దాన్ని కొనేవాడు నడవడానికి కొనడు, లోపలి లేబుల్ మీద ఉన్న ఆ సంవత్సరం కోసం కొంటాడు. దెబ్బ తగిలేది మధ్యలోవాడికి, అంటే రెట్రోను, మళ్లీ అచ్చు వేసిన జతను, కొని అసలులా దాచినవాడికి.

బంగారం గనిలో ఎంతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఈ బూట్ల కొరత మాత్రం ఒకే కంపెనీ చేతిలో ఉంది. ఆ చెయ్యి ఎంత బిగిస్తే అంత గిరాకీ. 2011 డిసెంబరు 23న జోర్డాన్ 11 ‘కాంకర్డ్’ 180 డాలర్లకు మళ్లీ వచ్చినప్పుడు, సియాటిల్ శివారు టక్విలాలో వెయ్యిమందికి పైగా తెల్లవారుజామునే మాల్ ముందు గుమిగూడారు. తోపులాటలు, కొట్లాటలు. చివరికి పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టాల్సి వచ్చింది. అదే కాంకర్డ్ 2018 డిసెంబరులో 220 డాలర్లకు ఇంకోసారి వచ్చింది. అప్పటికి నైకీ ధారాళంగా తయారుచేసింది. 2011 నాటి స్థాయిలో కొట్లాటలూ లేవు, రీసెల్లర్లకు చెప్పుకోదగ్గ లాభమూ లేదు. మొదటిరోజు సినిమాకి బ్లాకులో టికెట్లు కొని, అదే సినిమాని ఇంకో నాలుగు థియేటర్లలో కూడా వేశారని తెలిసినవాడి పరిస్థితి అది.

ఇప్పుడు యూజీన్‌కి వద్దాం. ఈ కథ జరిగిన ఊరు అదే కావడం నాకు మామూలు విషయంగా అనిపించదు, ఎందుకంటే నైకీ పుట్టింది అక్కడే. యూజీన్‌లోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పరుగుపందేల కోచ్ బిల్ బవర్‌మన్, అతని శిష్యుడు ఫిల్ నైట్ కలిసి 1964లో పెట్టిన చిన్న కంపెనీయే తర్వాత నైకీ అయింది. బవర్‌మన్ ఇంట్లో భార్య వాఫిల్స్ చేసుకునే పెనంలో రబ్బరు పోసి బూటు అడుగు తయారుచేయబోయాడు. పెనం పాడైపోయింది గానీ ఆలోచన నిలబడింది. ఆ అడుగు వేసి చేతి కుట్టుతో చేసిన ‘మూన్ షూ’లు పన్నెండు జతల దాకా ఉంటాయని అంచనా. 1972 ఒలింపిక్ ట్రయల్స్ కోసం చేసినవి అవి. ఆ ట్రయల్స్ కూడా యూజీన్‌లోనే జరిగాయి. వాటిలో ఎవరూ తొడుక్కోని ఒక జత 2019లో సౌథబీస్ వేలంలో 4,37,500 డాలర్లకు పోయింది. ఆ నమూనాను కంపెనీ ఇవాళ మళ్లీ తీయొచ్చు. కానీ 1972లో ఆ ఊళ్లో చేత్తో తయారైన జతను మళ్లీ తీయలేదు. నిజమైన అరుదంటే అదీ.

అదే ఊళ్లో 2013లో మలేక్‌జాదే దుకాణం తెరిచాడు. మొదట చేసింది మామూలు రీసేలే: అరుదైన బూట్లు కొనడం, లాభానికి అమ్మడం. 2020 నాటికి పద్ధతి మార్చాడు. ఇంకా మార్కెట్లోకి రాని బూట్లకు ముందస్తు ఆర్డర్లు, అదీ మార్కెట్ ధరకి దరిదాపుల్లో, ఒక్కోసారి అంతకంటే తక్కువకి.

జనం ఎలా నమ్మారని అడగొచ్చు. నమ్మడానికి కారణాలున్నాయి. బూట్లు షాపు ముందు తలుపులోంచి కాక ‘బ్యాక్‌డోర్’లోంచి పెద్దవాళ్లకు పోతాయన్న అనుమానం ఈ వ్యాపారంలో ఎప్పుడూ ఉన్నదే. అందులో అంతో ఇంతో నిజం కూడా ఉంది. 2021 మార్చిలోనే నైకీ ఉత్తర అమెరికా విభాగాన్ని నడిపే ఉన్నతాధికారి రాజీనామా చేశారు. ఆమె కొడుకు బూట్ల రీసేల్ వ్యాపారం నడుపుతున్నాడనీ, ఆమె పేరున్న క్రెడిట్ కార్డు వాడాడనీ పత్రికలో వచ్చాక జరిగిందది. కంపెనీ లోపలివాళ్ల ఇళ్లలోనే రీసేల్ నడుస్తుంటే, నైకీ పుట్టిన ఊళ్లో ఉన్న ఒక వ్యాపారికి లోపల మనుషులుండరా అనుకోవడం పెద్ద తప్పేమీ కాదు. పైగా మొదట్లో ఆర్డరిచ్చినవాళ్లకు బూట్లు వచ్చాయి కూడా. వచ్చినవాళ్లు నలుగురికి చెప్పారు, ఆ నలుగురూ పది జతల చొప్పున కట్టారు.

ఆ లెక్క ఒక్కసారి వేసి చూడండి. 7 కోట్ల డాలర్లను 6 లక్షలతో భాగిస్తే జతకు 117 డాలర్ల దగ్గర తేలుతుంది. షాపులో 225. కంపెనీ ఎంత ధారాళంగా తీసినా, చివరికి ధర షాపు స్థాయికి పడిపోయినా, ఒక్కో జత మీద అతనికి వంద డాలర్లకు పైగా నష్టమే. 6 లక్షల జతలు షాపు ధరకే కొనాలంటే 13 కోట్ల 50 లక్షల డాలర్లు కావాలి. వసూలైంది అందులో సగం. ఏ బ్యాక్‌డోరూ ఇంత పెద్దది ఉండదు. ఈ గుణకారాలు, భాగహారాలు ఐదో తరగతి పిల్లాడికి కూడా వస్తాయి. కానీ ఆర్డరిచ్చిన ఎవరికీ మొత్తం అంకె కనబడలేదు. ఒక్కొక్కరికీ కనబడింది తన పాతిక జతల లెక్కే: కట్టేది 117, అమ్మేది మూడొందలకు.

అలాంటివాళ్లలో ఒకణ్ని ఊహించుకుందాం. కాలేజీ కుర్రాడు. పార్ట్‌టైమ్ జీతం, నాన్న ఇచ్చిన కొంత డబ్బు కలిపి పాతిక జతలకు కట్టాడు. డిసెంబరు వెళ్లింది. జనవరి వచ్చింది.

“జతలొచ్చాయా?” అని నాన్న అడుగుతాడు.

“వస్తాయి నాన్నా. సరుకు దిగడం ఆలస్యమైందట.”

“షాపుల్లో మొన్ననే అయిపోయాయన్నావుగా. ఇంకెక్కణ్నుంచి దిగుతుంది?”

కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఫోన్ తీసి మెయిల్ మళ్లీ చదువుతాడు.

ఈ కుర్రాడు నా ఊహ. వాళ్లకు ఎదురైన తంతు మాత్రం అభియోగాల్లో ఉన్నదే. జతలు ఇవ్వలేకపోయినప్పుడు మలేక్‌జాదే కొంత డబ్బు వెనక్కిచ్చి, మిగతాదానికి తన దుకాణంలోనే చెల్లే గిఫ్ట్ కార్డులిచ్చేవాడు. ఆ కార్డుతో ఇంకో రాబోయే బూటుకి ఆర్డరు పెట్టుకోవాలి. పాత అప్పు మీద కొత్త ఆశ. అలా చక్రం తిరుగుతూ పోయింది. 2022 ఏప్రిల్ నాటికి ఇవ్వని బూట్ల బాకీ ఆరున్నర కోట్ల డాలర్లు దాటింది. మే నెలలో బోర్డు తిప్పేశాడు. కంపెనీని మూసేయమని తనే కోర్టుకెళ్లాడు, ఆస్తులు చూసుకోవడానికి కోర్టు రిసీవర్‌ను నియమించింది.

2022 జులై 29న ప్రభుత్వం అభియోగాలు మోపింది. కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసిన, అప్పటికి అతను పెళ్లి చేసుకోబోతున్న మహిళ మీద కూడా. తప్పుడు లెక్కలు చూపించి బ్యాంకుల నుంచి కోటిన్నర డాలర్లకు పైగా అప్పులు తీసుకున్నారన్నది ఇంకో నేరం. అధికారులు స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో వంద దాకా ఖరీదైన చేతి గడియారాలు, వందల కొద్దీ విలాసవంతమైన హ్యాండ్‌బ్యాగులు ఉన్నాయి. బూట్ల మీద ప్రేమతో జనం కట్టిన డబ్బులో కొంత ఇలాంటి విలాసాలకు పోయింది. మలేక్‌జాదే నేరం ఒప్పుకున్నాడు.

అతను మోసగాడే, అందులో సందేహం లేదు. అయినా ఆ మోసం మొలకెత్తిన నేలను కూడా చూడాలని నాకనిపిస్తుంది. కావాలనే తక్కువ తీసి, జనాన్ని లాటరీలో నిలబెట్టి, దొరకనివాణ్ని దొంగదారికి అలవాటు చేసే పద్ధతి లేకపోతే, ఇంకా పుట్టని బూటుకి ఆరు లక్షల ఆర్డర్లు పడవు. ఆ పద్ధతి పెంచిన మోజును ధారాళంగా అమ్ముకోబోయి కంపెనీ కూడా కాటు తింది. కూల్ గ్రే వచ్చిన ఏడాదే నైకీ నలుపు తెలుపుల ‘పాండా’ డంక్ బూటు వచ్చింది. షాపు ధర 100 డాలర్లు. మొదట్లో రీసేల్‌లో రెండింతలకు పైగా పలికింది. నైకీ దాన్ని మళ్లీ మళ్లీ షాపుల్లో నింపింది. ప్రతి వీధిలోనూ అవే బూట్లు కనబడ్డాక రీసేల్ ధర షాపు ధరకన్నా కిందికి జారిపోయింది. 2024 నాటికి డంక్, జోర్డాన్ 1, ఎయిర్ ఫోర్స్ 1 లాంటి పాత నమూనాల సరఫరా తగ్గిస్తున్నామని కంపెనీయే ప్రకటించాల్సి వచ్చింది. అంటే చెయ్యి మళ్లీ బిగిసిందన్నమాట. రేపు ఎప్పుడు వదులుతుందో మీకూ నాకూ ఎవరూ చెప్పరు.

ఈ వ్యాపారం మన హైదరాబాద్ కుర్రాళ్ల ఫోన్లలోకీ వచ్చింది. జోర్డాన్లు నచ్చితే కొనుక్కోండి, తొడుక్కుని తిరగండి. అంత అందమైన వస్తువు పెట్టెలో పసుపెక్కడం దండగ. పెట్టుబడిగా కొనేవాళ్లు మాత్రం ఆ నమూనా ఇంతకుముందు ఎన్నిసార్లు, ఎన్నేళ్లకోసారి మళ్లీ వచ్చిందో చూసుకుని గానీ డబ్బు తీయకండి. ఇక ఇంకా మార్కెట్లోకి రాని జతను షాపు ధరకన్నా తక్కువకి ఇస్తానని ముందే డబ్బడిగేవాడు ఎంత నమ్మకస్థుడైనా, మీకు ఇంతకుముందు రెండుసార్లు ఇచ్చినవాడైనా, పైసా కట్టకండి.