కారుకు ఫిల్మ్ వేయిస్తున్నారా? నలుపు కాదు.. నంబర్ చూడండి!

యర్రగొండపాలెం: ఎండలు ముదిరితే మన పశ్చిమ ప్రకాశంలో కారెక్కాలంటేనే భయం. అందుకే షాపుకెళ్లి 'బాగా నల్లటి ఫిల్మ్ వెయ్' అంటారు చాలామంది. కానీ వేడిని ఆపేది నలుపు కాదు, ఫిల్మ్ రకం.

డైడ్: రేటు తక్కువ. వేడిని పెద్దగా ఆపదు. కొన్నాళ్లకు రంగు వెలిసి బుడగలు లేస్తాయి.

మెటలైజ్డ్: వేడిని తిప్పికొడుతుంది. జీపీఎస్, ఫాస్టాగ్ సిగ్నల్‌కు అడ్డుపడొచ్చు.

కార్బన్: రంగు అంత తొందరగా వెలవదు. రేటు మధ్యస్తం.

సెరామిక్: ఖరీదెక్కువ. లేత రంగులోనే వేడి కిరణాలను ఆపుతుంది.

రూల్ ఏంటి?
ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. 2012లో సుప్రీంకోర్టు ఫిల్మ్‌లను నిషేధించింది. 2021 ఏప్రిల్ నుంచి రూల్ మారిందని, ఈ పరిమితిలో ఉంటే వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. పక్క అద్దమే 75 శాతం వెలుతురు వదులుతుందనుకోండి. దానిపై 60 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 45 శాతమే. రూల్ తప్పినట్టే! అందుకే ఫిల్మ్ వేశాక మీటర్‌తో కొలిపించండి, బిల్లు కారులోనే ఉంచండి.

దోర్నాల దాటాక శ్రీశైలం అడవి దారిలో మసక చీకట్లో అడ్డొచ్చే జంతువు నల్లటి అద్దంలోంచి కనపడదు. ఫైన్ కట్టొచ్చు.. ప్రాణం తిరిగి రాదు.