దగ్గరి లాగిన్ సర్వర్ ఎంపిక: ఎన్‌టీ నుంచి యాక్టివ్ డైరెక్టరీ దాకా

విండోస్ డొమైన్‌లో యూజర్ పాస్‌వర్డ్‌ను సరిచూసేది డొమైన్ కంట్రోలర్. సంస్థకు పది ఊళ్లలో ఆఫీసులుంటే ఏ ఊరి కంట్రోలర్‌ను అడగాలో తేల్చుకోవలసింది మాత్రం క్లయింట్ కంప్యూటరే. 2000కు ముందు ఈ ఎంపిక గుడ్డిగా సాగేదని, డీఎన్ఎస్ రాకతో సమస్య తీరిందని సాధారణంగా చెబుతారు. ఈ రెండు మాటలూ సగమే నిజం.

విండోస్ ఎన్‌టీ కాలంలో ఒక ప్రైమరీ కంట్రోలర్, దాని ఖాతాల నకళ్లు ఉంచుకునే బ్యాకప్ కంట్రోలర్లు ఉండేవి. 1996 నాటి ఎన్‌టీ 4.0లో క్లయింట్ తన సబ్‌నెట్‌లో బ్రాడ్‌కాస్ట్ చేసేది. పేర్లకు చిరునామాలు చెప్పే విన్స్ సర్వర్ నుంచి గరిష్ఠంగా 25 కంట్రోలర్ల చిరునామాలు తీసుకుని వాటికీ కబురు పంపేది. ఎవరు ముందు బదులిస్తే వారి దగ్గరే లాగిన్. దీన్ని గుడ్డి ఎంపిక అనడం న్యాయం కాదు. అదే సబ్‌నెట్‌లో బ్యాకప్ కంట్రోలర్ ఉంటే సాధారణంగా దాని జవాబే ముందు చేరేది. లోపం మరోచోట ఉంది: స్థానిక సర్వర్ పని ఒత్తిడిలో తడబడితే దూరపు సర్వర్ గెలిచేది, లాగిన్ భారం ఊళ్లను కలిపే సన్నటి వ్యాన్ లింకు మీద పడేది. జవాబు వేగాన్నే దూరానికి కొలతగా తీసుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. కంట్రోలర్లు డీఎన్ఎస్‌లో తమ సేవ ఎక్కడ దొరుకుతుందో తెలిపే ఎస్ఆర్‌వీ రికార్డులు నమోదు చేయసాగాయి. ఘనతంతా ఈ రికార్డులకే కట్టబెట్టడం పరిపాటి. అయితే 1996లోనే ప్రతిపాదితమైన ఎస్ఆర్‌వీలో సర్వర్ల మధ్య ఎంపికకు ఉన్నవి ప్రాధాన్యం, బరువు అనే రెండు అంకెలే. క్లయింట్ ఎక్కడుందో వాటికి తెలియదు. అసలు మార్పు తెచ్చింది నిర్వాహకులు డైరెక్టరీలో రాసిపెట్టే సబ్‌నెట్‌ల పట్టిక. ఏ ఐపీ చిరునామాలు ఏ సైట్‌కు, అంటే ఏ ఊరి ఆఫీసు లాంటి చోటుకు, చెందుతాయో అందులో ఉంటుంది. క్లయింట్ మొదట దొరికిన ఏదో ఒక కంట్రోలర్‌కు యూడీపీ 389 పోర్టులో చిన్న ప్రశ్న పంపుతుంది. ఆ కంట్రోలర్ క్లయింట్ చిరునామాను పట్టికతో పోల్చి సైట్ పేరు చెబుతుంది. తాను ఆ సైట్‌కు దగ్గరిదో కాదో కూడా తెలుపుతుంది. కాకపోతే క్లయింట్ ఆ సైట్ పేరుతో డీఎన్ఎస్‌ను మళ్లీ అడుగుతుంది. తెలిసిన పేరును రిజిస్ట్రీలో దాచుకుంటుంది కాబట్టి మరుసటిసారి వెతుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది. సైట్ పేరుతో సర్వర్లను వెతకడానికి డీఎన్ఎస్ అవసరమే, కానీ ఆ పేరును తేల్చేది పట్టికే.

సొంత కంట్రోలర్ లేని సైట్ తరఫున, లింకు ఖర్చు తక్కువగా ఉన్న పొరుగు సైట్ కంట్రోలర్ తన పేరు నమోదు చేస్తుంది. సైట్‌లో ఉన్న కంట్రోలర్ పడిపోతే మాత్రం క్లయింట్ డొమైన్‌లోని ఏ కంట్రోలర్‌నైనా ఆశ్రయించవచ్చు, అది మరో ఖండంలో ఉన్నా సరే. తర్వాతి దగ్గరి సైట్‌ను ముందు ప్రయత్నించే పాలసీ విస్టా, సర్వర్ 2008లతో వచ్చింది. దాన్ని ఇప్పటికీ నిర్వాహకులే ఆన్ చేయాలి. ఇది సమర్థించలేని నిర్ణయం.

నేటి పరిస్థితి కూడా సంతృప్తికరంగా లేదు. కొత్త ఆఫీసుకు, వీపీఎన్‌కు చిరునామాలు కేటాయించే నెట్‌వర్క్ బృందం, డైరెక్టరీని చూసుకునే బృందం చాలాచోట్ల వేరువేరు. పట్టికలోకి ఎక్కని సబ్‌నెట్‌ల నుంచి వచ్చే క్లయింట్లు కంట్రోలర్‌లోని నెట్‌లాగన్ లాగ్‌లో సైట్ లేనివిగా నమోదవుతూనే ఉంటాయి. ఆ లాగ్ తెరిచి చూసేవారు అరుదు. సర్వర్ 2025లో పాత నెట్‌బయోస్ తరహా వెతుకులాటను డిఫాల్ట్‌గా ఆపేశారు. అది మంచిదే, కానీ పట్టిక దిద్దే పనిని అది తగ్గించదు. క్లౌడ్ లాగిన్‌కు మారిన ల్యాప్‌టాప్‌కు ఈ సైట్ లెక్క అక్కర్లేదు. ఆఫీసు ఫైల్ సర్వర్‌కు కెర్బెరోస్ టికెట్ కావలసినప్పుడు మాత్రం అది మళ్లీ కంట్రోలర్‌నే వెతుక్కోవాలి.